కరిచే కుక్కకు మూలికలు సరిపోతాయా?

ఉప్పల్‌వాసి:
మా ఇంట్లో నాలుగేళ్ళ లాబ్రడార్ ఉంది. పిల్లలతో కలిసి పెరిగింది, ఎవరినీ ఏమీ అనేది కాదు. ఈమధ్య తల నిమరబోతే గుర్రుమంటోంది. మొన్న మా మామగారి చేయి కొరికింది, రక్తం వచ్చింది. అత్తగారు పెరుగన్నంలో అశ్వగంధ చూర్ణం కలిపి పెడుతున్నారు. కాస్త మగతగా పడుకుంటోంది. చెవుల వెనక లావెండర్ నూనె రాయమని పక్కింటివారు చెబుతున్నారు. పశువైద్యుడి దగ్గరికి వెళితే మత్తుమందులు రాస్తారని ఇంట్లో భయం. మూలికలతో కోపం తగ్గిన కుక్కలు ఉన్నాయా? దయచేసి చెప్పండి.

మూలికావనం:
ఎందుకు ఉండవండీ! గుర్రాలకు శాలిహోత్రుడు, ఏనుగులకు పాలకాప్యుడు వైద్యం చెప్పిన దేశం మనది. కొత్త పరిశోధనలూ ఉన్నాయి. కారెక్కితే కుదురుగా ఉండని 32 కుక్కలకు లావెండర్ వాసన చూపిస్తే అవి ఎక్కువసేపు కూర్చుని, పడుకుని గడిపాయని 2006లో ఒక అధ్యయనం తేల్చింది. పాల ప్రోటీను నుంచి తీసే ఆల్ఫా కాసోజెపైన్‌ను, తేయాకులో ఉండే ఎల్-థియనిన్‌ను బెదురు తగ్గడానికి ఇప్పుడు పశువైద్యులే రాస్తున్నారు. ఇవన్నీ ఉండగా బెదురు, కోపం తగ్గడానికి రాసే ఫ్లూయొక్సెటిన్ మాత్రతో మొదలుపెట్టి, ఆకలి మందగించిన కుక్కను చూసి బాధపడటం దేనికి?

పశువైద్య విద్యార్థిని, తిరుపతి:
ముందు మీ మామగారి సంగతి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగారా? రక్తం వచ్చిందంటున్నారు కాబట్టి, మీ కుక్కకు రేబిస్ టీకా వేయించి ఉన్నా సరే, ఆయన ఈరోజే వైద్యుణ్ణి కలవాలి. కుక్కను 10 రోజులు కట్టడిలో ఉంచి గమనించండి.

ఇక కుక్క సంగతి. ఇన్నేళ్ళూ సాధువుగా ఉన్న జంతువు, తల ముట్టుకుంటేనే కొరుకుతోంది. ఇది కోపం కాదేమో, నొప్పేమో! లాబ్రడార్ చెవులు వేలాడుతూ ఉంటాయి. లోపల తేమ నిలిచి చీము పట్టడం చాలా మామూలు. పంటినొప్పి, మెడనొప్పి, థైరాయిడ్ లోపం కూడా చూడాలి. ప్రవర్తన సమస్యలతో నిపుణుల దగ్గరికి వచ్చే కుక్కల్లో, పిల్లుల్లో తక్కువలో తక్కువ మూడోవంతు కేసుల్లో ఏదో ఒక నొప్పి ఉంటుందని బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయ నిపుణులు 2020లో అంచనా కట్టారు. చెవిలో చీము ఉంటే అశ్వగంధ ఏం చేస్తుంది? మగతలో నొప్పి కనిపించకుండా పోతుంది, అంతే. పైగా అది మనుషుల్లో థైరాయిడ్ హార్మోన్లను పెంచినట్టు దాఖలాలున్నాయి. రేపు రక్తపరీక్ష చేసేటప్పుడు ఆ సంగతి వైద్యుడికి తెలియాలి. చెవి దగ్గర నూనె మాత్రం దయచేసి రాయకండి.

మూలికావనం గారు చెప్పిన 2006 అధ్యయనం నిజమే. కానీ అందులోని కుక్కలు ప్రయాణంలో అతిగా ఉత్సాహపడేవి, మనుషుల్ని కరిచేవి కావు. ఎల్-థియనిన్, కాసోజెపైన్ కూడా బెదురుకు కొంత పనికొస్తాయి. పళ్ళు దించే కుక్కను వాటిమీద వదిలేసి ఊరుకోలేం.

రెండు పిల్లుల ఇల్లు:
పిల్లులున్నవారు ఇది కూడా చదవాలి. మా చెల్లెలి పిల్లికి చిరాకు తగ్గుతుందని ఎవరో టీ ట్రీ నూనె మెడకు రాయించారు. అది వణికిపోయి, కాళ్ళు తడబడి ఆసుపత్రి పాలైంది. పిల్లి కాలేయానికి ఇలాంటి నూనెల్ని విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. ఒంటికి రాస్తే అది నాకుతుంది కూడా.

మూలికావనం:
చెవి చూపించమన్న మాటకు నేను అడ్డు చెప్పను. టీ ట్రీ నూనెను నేనూ సమర్థించను. కానీ నొప్పి లేదని తేలాక కూడా మీరు మాత్రలే అంటారు. మా ఊళ్ళో దీపావళి టపాకాయలకు మంచం కింద దూరి వణికే కుక్కలకు ఎల్-థియనిన్ ఇచ్చి, చీకటి గదిలో రేడియో పెట్టి ఉంచితే తేరుకున్నాయి. ఆ మెత్తని దారిని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

పశువైద్య విద్యార్థిని, తిరుపతి:
కొట్టిపారేయలేదండీ. బెదిరే కుక్కకు మీరు చేసింది మంచి పనే. కొరికే కుక్క ఉన్న ఇంట్లో చిన్నపిల్లలుంటే, మూలికలు పనిచేస్తాయేమోనని ఎదురుచూడటం ప్రమాదం. ఫ్లూయొక్సెటిన్ ప్రభావం కనిపించడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది, కాబట్టి ఆ మాత్రకోసం కూడా ఎవరినీ తొందరపెట్టను. అది ఇస్తున్నప్పుడు ప్రశాంతత కోసం అమ్మే ట్రిప్టోఫాన్ లాంటివి ఇంట్లో సొంతంగా కలిపితే మాత్రం హాని జరగవచ్చు.

శిక్షకుడు, విశాఖ:
మందు ఏదైనా సరే, గుర్రుమన్నందుకు కొట్టకండి. గుర్రు అంటే హెచ్చరిక. దాన్ని అణిచేస్తే చెప్పకుండానే కరుస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2009లో యజమానుల్ని అడిగితే, కొట్టడం, తన్నడం ప్రయత్నించినవారిలో 43 శాతం మందిమీద కుక్కలు తిరగబడ్డాయి. పిల్లలు దాన్ని కౌగిలించుకోకుండా చూడండి. తినేటప్పుడు ఎవరూ దగ్గరికి వెళ్ళకూడదు. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్ట మూతిచిక్కం తెచ్చి, అందులో వేరుశనగ ముద్ద పెట్టి మెల్లగా అలవాటు చేయండి. ఆ ముద్దలో చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ఉండకూడదు, అది కుక్కలకు విషం.

ఉప్పల్‌వాసి:
మామగారిని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళుతున్నాం. ఈ చర్చ చదివాక కుక్క కుడి చెవి దగ్గరికి ముక్కు పెట్టి చూశాను, దుర్వాసన వస్తోంది. రేపు ఉదయం పశువైద్యుడికి చూపిస్తాం. అశ్వగంధ ఎంత మోతాదులో, ఎప్పటినుంచి పెట్టామో అత్తగారిని అడిగి కాగితం మీద రాసుకున్నాను.

మూలికావనం:
ఆ కాగితం తప్పక చూపించండి. చెవి నయమయ్యాక కూడా బెదురు మిగిలితే, ఎల్-థియనిన్ గురించి ఆ వైద్యుణ్ణే అడగండి.