నెపోలియన్ ఫిరంగి నమూనా: గొట్టం పెద్దదిగా, చక్రాలు చిన్నవిగా కనిపిస్తున్నాయి

ప్రశ్న:
అమెరికా అంతర్యుద్ధంలో వాడిన 12 పౌండ్ల గుండు పేల్చే నెపోలియన్ ఫిరంగిని, అంటే 1857 రకాన్ని, బండితో సహా 1/16 స్కేలులో చేస్తున్నాను. పని సగానికి పైగా అయింది. తీరా గొట్టాన్ని బండి మీద పెట్టి చూస్తే ఏదో తేడాగా ఉంది. గొట్టం బరువుగా, చక్రాలు పిల్లల ఆటబొమ్మకు తగిలించినట్టుగా ఉన్నాయి. గొట్టం నోటి రంధ్రం 7.3 మిల్లీమీటర్లు, చక్రం వ్యాసం 80 మిల్లీమీటర్లు. చక్రాన్ని ప్లైవుడ్ పలకలో ఒకే వలయంగా కోసి, 12 ఆకులు, అంటే నడిమి నుంచి అంచుకు వెళ్లే పుల్లలు, పెట్టాను. రెండు వేర్వేరు చోట్ల దొరికిన బొమ్మలను చూసి కొలతలు తీసుకున్నాను. పొరపాటు ఎక్కడ జరిగింది? ఇంకో సందేహం: గొట్టం మూతి దానంతటదే కిందికి వాలిపోతోంది. ఎత్తు సవరించే మర మీద వెనుక భాగం ఆనడం లేదు.

జవాబు:
పొరపాటు మీ ప్రశ్నలోనే దొరికింది. అసలు ఫిరంగి నోటి రంధ్రం 4.62 అంగుళాలు, అంటే 117 మిల్లీమీటర్ల పైచిలుకు. పదహారో వంతు తీస్తే 7.3 వస్తుంది. ఇది సరిగానే ఉంది. అసలు చక్రం వ్యాసం 57 అంగుళాలు, అంటే 1448 మిల్లీమీటర్లు. దాని పదహారో వంతు 90.5. మీది 80. అంటే మీ గొట్టం 1/16లో ఉంది, చక్రాలు 1/18లో ఉన్నాయి. రెండు బొమ్మలు కలిపి వాడినప్పుడు అందరికీ జరిగేదే ఇది. నాకూ ఒకసారి జరిగింది, కాకపోతే నేను రంగులు కూడా వేసేశాక గమనించాను.

ఇక ముందుకు వెళ్లేముందు ఒక కాగితం మీద అసలు కొలతలు, పక్కనే పదహారో వంతు రాసి గోడకు అంటించుకోండి. గొట్టం పొడవు వెనుక కొసన ఉన్న గుండ్రటి బుడిపె కాకుండా సుమారు 66 అంగుళాలు, నమూనాలో 105 మిల్లీమీటర్లు. రెండు చక్రాల ఇనుప పట్టాల నడుమ దూరం 60 అంగుళాలు, నమూనాలో 95. మిగిలిన భాగాల కొలతలకు 1861లో అమెరికా సైన్యం అచ్చువేసిన ఆర్డినెన్స్ మాన్యువల్‌లోని పట్టికలు చూడండి. ఎవరో గీసిన బొమ్మకన్నా అవే నమ్మదగినవి.

చక్రాలు మళ్లీ చేయక తప్పదు. ఎలాగూ చేస్తున్నారు కాబట్టి ప్లైవుడ్ వద్దు, దాని అంచున పొరలు కనిపిస్తాయి. అసలు చక్రానికి ఆకులు 14, పూటీలు, అంటే అంచు వలయాన్ని కలిపి చేసే వంపు చెక్కలు, 7. ఒక్కో పూటీలో రెండేసి ఆకులు దిగుతాయి. పూటీల అతుకు ఎప్పుడూ రెండు ఆకుల నడుమ పడుతుంది, ఆకు మీద పడదు. ఈ ఒక్క వివరం తప్పితే తెలిసినవాళ్ల కళ్లు నేరుగా అక్కడికే పోతాయి. అసలుది తెల్ల ఓక్ చెక్క. కానీ ఆ చెక్క పీచు ఈ స్కేలులో ముతకగా కనిపిస్తుంది. సన్నని పీచు ఉన్న పియర్, మేపుల్ వంటివి మేలు. ఎలాగూ రంగు వేస్తారు.

మూతి వాలడం గురించి: అసలు ఫిరంగిలో ట్రనియన్లకు, అంటే గొట్టాన్ని బండి మీద ఆనించే పక్క కొమ్ములకు, వెనుక ఉన్న భాగమే ఎక్కువ బరువుండేలా చేశారు, అందుకే అది మర మీద ఆని కదలకుండా ఉంటుంది. మీ గొట్టం దేనితో చేశారు? నోటి రంధ్రం ఎంత లోతు తొలిచారు?

ప్రశ్న వేసినవారు:
గొట్టం ఇత్తడి కడ్డీలోంచి లేత్ మీద చేయించాను. రంధ్రం లోతు ఒక్క సెంటీమీటరే. కాల్చేది కాదు కదా అని లోతుగా తొలిపించలేదు. చక్రాన్ని ఏడు ముక్కలు చేయాలంటున్నారు, 360ని ఏడుతో భాగిస్తే నిండు సంఖ్య రాదు. ఎలా గుర్తు పెట్టాలి?

జవాబు:
ముందు భాగంలో ఉండాల్సిన బోలు లేదు, అందుకే మూతి బరువైంది. ఇంకా మూడు నాలుగు సెంటీమీటర్లు తొలిపించండి, వెనుక భాగం తనంతట తానే మర మీద ఆనుతుంది. వెనుక పక్క మాత్రం గట్టిగా ఉంచండి. నిప్పు పెట్టే రంధ్రాన్ని అరమిల్లీమీటరు లోతు చుక్కగా పెడితే చాలు, లోపలికి కలపవద్దు.

ఏడు భాగాలకు పాత వడ్రంగి చిట్కా ఒకటుంది. వ్యాసార్ధాన్ని 0.866తో గుణించి ఆ దూరం కంపాసులో పట్టుకుని వలయం చుట్టూ నడిపిస్తే దాదాపు ఏడు అడుగులు పడతాయి. దాదాపు అనే అంటున్నాను. 45 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి చివర అరమిల్లీమీటరు మిగులుతుంది. సన్నని కొలతలు తీసే వెర్నియర్ ఉంటే చిట్కా వదిలేసి నేరుగా 39.05 పెట్టుకోండి. ఆ ఏడు గుర్తులూ పూటీల అతుకులు. ఒక్కో పూటీని నాలుగు సమభాగాలు చేసి, మొదటి భాగం చివర, మూడో భాగం చివర ఆకులు పెట్టండి. పద్నాలుగూ సమదూరంలో వస్తాయి.

మరొకరు:
అసలు విషయం ఎవరూ చెప్పలేదు. ఆ చక్రం చదునుగా ఉండదు. సాసరులా కాస్త లోతుగా ఉంటుంది, ఆ గుంట బయటి వైపుకు ఉంటుంది. కుండ, అంటే చక్రం నడిమి దిమ్మ, దగ్గరినుంచి ఆకులు బయటికి వాలి పూటీలను అందుకుంటాయి. ఎత్తుపల్లాల మీద బండి పక్కకు ఒరిగినప్పుడు పడే తోపును ఆ వాలు తట్టుకుంటుంది. దానికి తగినట్టు ఇరుసు కొనలు కూడా కాస్త కిందికి వంగి ఉంటాయి. ఫలితంగా కింది ఆకు నేలకు నిలువుగా నిలబడుతుంది, చక్రాల పైభాగాలు బయటికి విచ్చుకుంటాయి. ముందు నుంచి తీసిన ఫొటో చూడండి, వెంటనే తెలుస్తుంది. చాలా నమూనాలు చూడగానే బొమ్మల్లా అనిపించడానికి ఇదే కారణం, 80కి 90కి తేడా కాదు.

చేసే పద్ధతి: ఒక పలక మీద ఏడు పూటీలనూ చదునుగా పరిచి చుట్టూ మేకులు కొట్టి బిగించండి. నడుమ ఒక చిన్న దిమ్మ పెట్టి కుండను దాని మీద కాస్త ఎత్తున ఉంచండి. అప్పుడు ఆకులు బిగించండి. జిగురు ఆరాక తీస్తే, పలకకు ఆని ఉన్న ముఖమే బయటి ముఖం. తిరగేసి బిగించారో, మళ్లీ మొదటికి వస్తారు. ఇరుసు వంపుకు కోణమానిని అక్కరలేదు. చక్రాన్ని బల్ల మీద నిలబెట్టి, కింది ఆకు పక్కన మూలమట్టం పెట్టి, నిలువు కలిసేదాకా ఇరుసు కొనను ఆకురాయితో రాకండి.

మొదటి జవాబు ఇచ్చినవారు:
నిజమే, మరిచాను. ఇనుప పట్టాకు పల్చటి ఇత్తడి పట్టీ చుట్టి నలుపు వేయండి. అసలు పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి చల్లార్చేవారు. అది ముడుచుకుంటూ అతుకులన్నిటినీ బిగించేది. మనకు ఎపాక్సీ జిగురే దిక్కు.

ఇంకొకరు:
రంగు సంగతి? నేను చూసిన ఫొటోలన్నిటిలో గొట్టం పచ్చగా ఉంది.

మరొకరు:
అవి గెటిస్‌బర్గ్ వంటి, ఆ యుద్ధం జరిగిన చోట్ల ఇప్పుడు తీసిన ఫొటోలు అయి ఉంటాయి. కంచు దశాబ్దాల తరబడి ఎండావానలకు నిలిస్తే ఆ పచ్చదనం వస్తుంది. యుద్ధకాలంలో చూపించాలనుకుంటే మాసిన పసుపు, గోధుమ కలిసిన రంగు వేయండి. ఆ ఫొటోలతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. గెటిస్‌బర్గ్ మైదానంలోని బండ్లు చాలామటుకు యుద్ధం ముగిసిన దశాబ్దాల తరవాత పోత ఇనుముతో చేసినవి. చెక్క బండి వివరాలకు వాటిని నమ్మవద్దు. చెక్కకు ఆలివ్ రంగు, ఇనుప భాగాలకు నలుపు. గొట్టం మీద పాత ఫిరంగులకున్నట్టు పట్టీలు, అలంకారాలు చెక్కించకండి, ఈ రకం నునుపుగా ఉంటుంది. ఉత్తర సైన్యపు ఫిరంగి అయితే మూతి దగ్గర ఉబ్బు ఉండాలి. దక్షిణాది పోతశాలల్లో చేసినవాటిలో ఎక్కువ వాటికి అది లేదు.

ఇంకొకరు:
అంత కష్టపడి ఇత్తడితో చేశారు కదా, చిటికెడు మందు పెట్టి ఒక్కసారి శబ్దం చేయించలేమా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దు. చిన్న గొట్టమే కదా అనుకోవద్దు, మందు పేలితే ఆ ఇత్తడి ముక్కలై మీ ముఖం మీదికే వస్తుంది. ఆపైన చాలా దేశాల్లో అది ఆయుధాల చట్టం కిందికి కూడా వస్తుంది. నిప్పు రంధ్రం లోపలికి కలపవద్దని ఊరికే చెప్పలేదు.

ప్రశ్న వేసినవారు:
మూడు వారాల తరవాత వస్తున్నాను. కొత్త చక్రాలు 90.5 మిల్లీమీటర్లకు వచ్చాయి. మొదటిదాన్ని తిరగేసి బిగించాను, చెప్పినా వినలేదు. ఆవిరి పట్టి ఊడదీసి మళ్లీ చేశాను. గొట్టాన్ని మరో నాలుగు సెంటీమీటర్లు తొలిపించాక వెనుక భాగం మర మీద ఆనింది. సరదాకు తూచాను. అసలు గొట్టం 1,227 పౌండ్లు, అంటే 556 కిలోలు. పదహారును మూడుసార్లు గుణిస్తే 4,096, దానితో భాగిస్తే 136 గ్రాములు రావాలి. నాది 148 తూగింది. రంధ్రం ఇంకా పొట్టిదే కాబట్టి ఆ పన్నెండు గ్రాములూ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు ఇరుసు రాకుతున్నాను. కుడి చక్రం ఆకు నిలువుకు వచ్చింది, ఎడమది ఇంకా వెంట్రుకవాసి తేడాలో ఉంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన పెట్టే కడచీలలకు గుండుసూదులు సరిపోతాయా, వేరే తీగ తీసుకోవాలా?

మరొకరు:
గుండుసూదులు చాలు. తలలు కత్తిరించి, నలుపు వేశాక దూర్చండి.