మలావీ, కెన్యా ఎన్నికల తీర్పుల గురించి తెలిసినవారు వివరించగలరా?

నమస్కారం. ఆఫ్రికా దేశమైన మలావీలో 2019 మే 21న జరిగిన అధ్యక్ష ఎన్నికను న్యాయస్థానం 2020 ఫిబ్రవరి 3న రద్దు చేసిన తీరును కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. ఫలితాల పత్రాలపై అంకెలకు వైట్నర్ పూసి, ఆ తెల్లటి పూత మీదే వేరే అంకెలు రాశారు. విచారించిన ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు రోజున సైనికుల రక్షణలో, తూటాలు చొరబడని కవచాలు ధరించి వచ్చారు. అంతకుముందే, తమకు లంచం ఎరవేసిన సంగతిని దాచకుండా బయటపెట్టారు. తీర్పు కన్నా ఆ నిబ్బరమే నన్ను ఎక్కువగా కదిలించింది. జూన్ 23న మళ్లీ జరిగిన పోలింగులో ప్రతిపక్ష అభ్యర్థి లాజరస్ చక్వేరా సగానికి పైగా ఓట్లతో గెలిచారు.

నా సందేహం ఇది. కెన్యా సుప్రీంకోర్టు 2017 ఆగస్టు ఎన్నికను రద్దు చేసింది కానీ, 2022లో వచ్చిన పిటిషన్లను ఏకగ్రీవంగా కొట్టివేసింది. అక్కడి ఎన్నికల చట్టం 83వ సెక్షన్ ప్రకారం, ప్రక్రియ రాజ్యాంగ సూత్రాలకు విరుద్ధంగా సాగిందని చూపితే సరిపోతుందా, లేక ఆ లోపాల వల్ల ఫలితమే తారుమారైందని కూడా పిటిషనరు రుజువు చేయాలా? ఈ విషయంలో మలావీ న్యాయమూర్తులు ఏ కొలమానం పాటించారు? న్యాయశాస్త్రం చదివినవారు, ఆ దేశాల్లో నివసించినవారు దయచేసి తీర్పులోని సంబంధిత భాగాలతో సహా వివరించగలరని ప్రార్థన.