ఇంట్లో పిల్లి, కుక్క ఉండగా వీధిపిల్లిని తెచ్చుకోవచ్చా?

కిటికీపక్క:
రెండు వారాలుగా ఓ గోధుమరంగు పిల్లి మా వెనక గుమ్మం వదలడం లేదు. మొదట్లో తలుపు చప్పుడైతే చాలు, పరుగే. ఇప్పుడు తోక నిటారుగా లేపి కాళ్ళకు రాసుకుంటోంది. డొక్కలు లోపలికి పోయాయి. మా ఇంట్లో ఇప్పటికే 12 ఏళ్ళ ముసలి పిల్లి ఉంది, దానికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. నాలుగేళ్ళ కుక్క కూడా ఉంది. నిన్న రాత్రి వానలో ఆ గోధుమరంగు పిల్లి చూరు కింద ముడుచుకుని కూర్చుంటే నాకు కునుకు పట్టలేదు. లోపలికి తెచ్చుకోనా, వద్దా?

ఆరుపిల్లులు:
ఇందులో ఆలోచించడానికేముందండీ, తెచ్చేసుకోండి. అలా తోక లేపి దగ్గరకొచ్చే పిల్లి ఎప్పుడో మనుషుల మధ్య మెలిగిందే. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి తగలని కూన పెద్దయ్యాక ఇంత చనువు చూపడం అరుదు. దీన్ని ఎవరో వదిలేసి ఉంటారు, లేదా తప్పిపోయి ఉంటుంది. నా ఆరు పిల్లుల్లో నాలుగు ఇలా గుమ్మంలోకి వచ్చినవే.

నల్లమచ్చ:
మీ నాలుగూ బతికి బట్టకట్టాయి, సంతోషం. నాకలా జరగలేదు కాబట్టి రాస్తున్నాను. రోడ్డు పక్క దొరికిన కూనను నేరుగా హాల్లోకి తెచ్చాను. హుషారుగానే ఉంది. నాలుగో రోజు వాంతులు. నీళ్ళ గిన్నె మీద తల వాల్చి అలాగే కూర్చుంది, ఒక్క గుక్క తాగలేదు. పాన్‌ల్యూకోపీనియా అన్నారు డాక్టరు, పిల్లులకు వైరస్‌తో వచ్చే ప్రాణాంతక అంటురోగం. మా ఎనిమిది నెలల పిల్లికి అప్పటికి టీకాలు పూర్తికాలేదు, ఆ తప్పు నాదే. పది రోజుల్లో రెండూ పోయాయి. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు, సబ్బునీళ్ళకు చావదు, బ్లీచ్ కావాలి. ముందు మనల్నే నమ్ముకుని ఉన్న ప్రాణుల సంగతి చూడాలి కదండీ?

తలుపుచాటు:
నల్లమచ్చ గారూ, చదువుతుంటే గుండె పట్టేసింది. కానీ ఆ కూనను ఇంటికి తేవడం తప్పు కాదండీ, హాల్లోకి తేవడమే తప్పయింది. కిటికీపక్క గారూ, తలుపు మూసి ఉంచగల గది ఒకటి ఉంటే తెచ్చుకోండి, లేకపోతే వద్దు. నా మాట అదే.

కనీసం రెండు వారాలు ఆ గదిలోనే. గిన్నెలు, లిట్టర్ పెట్టె (అది మలమూత్రాలకు వాడేది) వేరు. దాన్ని ముట్టుకున్నాక చేతులు కడిగి, బట్టలు మార్చుకునే ముసలిదాని దగ్గరకు వెళ్ళండి. కొత్తదానికి రక్తపరీక్ష తప్పనిసరి. ల్యుకేమియా వైరస్ లాలాజలంతో అంటుతుంది, ఒకదాన్నొకటి నాకినా చాలు. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ అనే వైరస్ ఎక్కువగా లోతైన కాట్లతో వస్తుంది. కొత్తగా సోకి ఉంటే మొదటి పరీక్షలో దొరకకపోవచ్చు, కొన్ని వారాలాగి మళ్ళీ చేయించాలి. కుక్కకు వేసే గోమార్ల మందు మాత్రం దీనికి వేయకండి. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లి ప్రాణానికే ముప్పు.

అసలు ఓపిక ఆ తర్వాతే కావాలి. ముందు వాసన అలవాటు చేయాలి. కొత్తదాని పడక గుడ్డ పాతదాని దగ్గర, పాతదానిది కొత్తదాని దగ్గర పెట్టండి. మా పాత పిల్లి మొదటిరోజు ఆ గుడ్డను చూసి బుస కొట్టింది, ఐదోరోజు దాని మీదే పడుకుంది. అప్పుడు తలుపుకు అటూ ఇటూ తిండి గిన్నెలు పెట్టాను. ఎదురెదురుగా వదలడానికి నెల పట్టింది. కుక్కను తాడుతో పట్టుకునే చూపించండి, పిల్లి ఎక్కి కూర్చోవడానికి ఎత్తు ఏదైనా ఉండాలి. మీ ముసలిది తిండి మానేస్తే మర్నాటిదాకా ఆగొద్దు. తిండి మానిన పిల్లికి కాలేయం దెబ్బతింటుంది, దానికి అసలే కిడ్నీలు బాగాలేవు.

నల్లమచ్చ:
మరి గది లేనివాళ్ళు?

తలుపుచాటు:
బయటే తిండి పెట్టి, టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, పెంచుకునేవాళ్ళను వెతకాలి. అదీ ఆదుకోవడమే. ఆడదైతే ఆపరేషన్ ఆలస్యం చేయొద్దు, నాలుగైదు నెలల వయసుకే చూలు నిలవొచ్చు. అన్నట్టు, ముందు చెవులు చూడండి. ఒక చెవి కొస తిన్నగా కోసి ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు.

కిటికీపక్క:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. ఎడమ చెవి కొస గీత గీసినట్టు తిన్నగా ఉంది! అంటే దీన్ని ఎవరో పట్టించుకున్నారు. రేపు పొద్దున చుట్టుపక్కల ఇళ్ళలో అడుగుతాను, చర్మం కింద యజమానిని గుర్తించే చిప్ ఉందేమో డాక్టరు దగ్గర చూపిస్తాను. ఎవరూ మాదనకపోతే నా పని గది ఖాళీ చేస్తాను. ఈ రాత్రికి చూరు కింద అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి పెట్టాను. కాసేపు వాసన చూసి లోపలికి దూరింది.