శ్రీశైలం రోడ్డులో మా కారుకు దుప్పి తగిలింది, మేము చేసింది తప్పా?

వనస్థలిపురం_గృహిణి

నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. శ్రీశైలంలో దర్శనం చేసుకుని హైదరాబాద్ తిరిగి వస్తున్నాం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కదా, ఈలోపు అడవి దాటేయాలని మా వారు కొంచెం తొందరగానే నడుపుతున్నారు. ఆ మాట దాచను, స్పీడు డెబ్బై దగ్గర ఉంది. వటవర్లపల్లి దాటాక, ఆరున్నర ఏడు మధ్య, ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఎడమవైపు నుంచి ఒక చుక్కల దుప్పి రోడ్డు దాటింది, అమ్మయ్య అనుకునేలోపే దాని వెనకే ఇంకొకటి దూకింది. బ్రేకు వేశారు కానీ బంపర్ దాని నడుముకు తగిలింది.

పడిపోయింది. ముందు కాళ్ల మీద లేవాలని చూస్తోంది, వెనక కాళ్లు రావట్లేదు. మెల్లగా రోడ్డు అంచు దాకా ఈడ్చుకుంటూ వెళ్లి పడుకుంది. మేము దిగాం. ఇంకో నాలుగైదు కార్లు ఆగాయి, చూస్తుండగానే ఇరవై మంది చేరారు, అందరూ ఫోన్లలో లైట్లు వేసి వీడియోలు. మా అత్తయ్య ఏడుస్తూ దాని తల ఒళ్లో పెట్టుకుని బాటిల్‌తో నోట్లో నీళ్లు పోశారు. అది కళ్లు పెద్దవి చేసి గట్టిగా ఊపిరి తీస్తోంది. ఒకతనైతే "ఎలాగూ బతకదు, డిక్కీలో వేసుకుని పోండి" అన్నాడు. ఆ మాటకు మా ఏడేళ్ల పాప బిగుసుకుపోయింది.

ఫోన్లకు సిగ్నల్ లేదు. మన్ననూరు వైపు వెళ్లే ఒక కారువాళ్లను చెక్‌పోస్టులో చెప్పమని బతిమాలాం. గంటకు పైగా పట్టింది అటవీశాఖ వాళ్లు రావడానికి, అప్పటికి పది నిమిషాల ముందే ప్రాణం పోయింది. మా పేర్లు, బండి నంబరు రాసుకుని, పిలిస్తే రావాలని చెప్పి పంపారు.

నేను అడగాలనుకున్నవి ఇవి. నీళ్లు పోయడం వల్లే చనిపోయిందా? అత్తయ్య నిన్నటి నుంచి అదే మాట, "నేనే చంపాను" అంటున్నారు. అలాంటప్పుడు అసలు ఏం చేయాలి? మా వారి మీద కేసు అవుతుందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

అచ్చంపేట_ట్యాక్సీ

అక్కా, ముందుగా మీరు ఆగినందుకు దండం పెడతాను. నేను పద్నాలుగేళ్లుగా ఆ రోడ్డు మీదే బండి నడుపుతున్నాను, గుద్ది ఆగకుండా పోయిన బండ్లనే ఎక్కువ చూశాను. పొద్దున ఆరింటికి గేటు తీయగానే మొదట పోయేది మేమే, ఒక్కోసారి రోడ్డు పక్కన చచ్చి పడి ఉన్న దుప్పి ఎదురవుతుంది.

ఆ రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపుతారు కాబట్టి రాత్రి జంతువులకు కొంత నెమ్మది. కానీ అసలు గండం ఆ తొమ్మిదికి ముందు రెండు గంటలే. దుప్పులు మేతకు బయటికి వచ్చేది పొద్దు గుంకే వేళకే, సరిగ్గా అప్పుడే గేటు మూస్తారన్న టెన్షన్‌తో అందరూ తొక్కుతారు. దానికి తోడు రోడ్డు అంచున పొదలు కొట్టేసిన చోట లేత గడ్డి మొలుస్తుంది, వానలు పడ్డాక ఇంకా ఎక్కువ. కోతులకని జనం విసిరే అరటిపళ్లు, పులిహోర ఉన్నాయే, వాటికి కూడా అలవాటు పడ్డాయి కొన్ని.

మా డ్రైవర్ల లెక్క ఒకటే. ఒక దుప్పి దాటిందంటే ఇంకా దాటలేదు అని అర్థం. మంద ఉంటుంది, వెనకది ముందుదాన్ని చూసుకుంటూ వస్తుంది తప్ప మన బండిని చూడదు. కాబట్టి మొదటిది కనపడగానే పూర్తిగా ఆపేయాలి, లైటు డిమ్ చేయాలి, హారన్ కొట్టొద్దు. ఫుల్ లైటు కళ్లలో పడితే కదలకుండా నిలబడిపోతాయి, హారన్‌కు బెదిరి ఎటు దూకుతాయో వాటికే తెలియదు. ఇంకో మాట, ఎంత దగ్గరకు వచ్చినా స్టీరింగ్ పక్కకు తిప్పొద్దు, నేరుగా బ్రేకే. దుప్పిని తప్పించబోయి చెట్టుకు గుద్దుకున్న జీపును నా కళ్లతో చూశాను, ఇద్దరు పోయారు.

అడవి దాటే దాకా నలభై మించకండి. శ్రీశైలంలో నాలుగింటికే బయలుదేరితే ఏ తొందరా ఉండదు.

పశువైద్యుడు_పాలమూరు

అమ్మా, నేను పశుసంవర్ధక శాఖలో డాక్టర్‌ని. అటవీశాఖ వాళ్లు పిలిస్తే దుప్పులు, కణితులు, కృష్ణజింకలు ఇలాంటి కేసులు చూస్తుంటాను. మీ అత్తయ్య గారికి ఈ మాట చదివి వినిపించండి. వెనక కాళ్లు రెండూ ఈడ్చుకుంటూ వెళ్లిందన్నారు, అంటే మీరు చెప్పినదాన్ని బట్టి వెన్నుపూస విరిగి ఉంటుంది, లేదా కటి ఎముక నుజ్జయి ఉంటుంది. అడవి దుప్పికి ఆ రెంటిలో ఏది అయినా దాదాపు బతకదు. లోపల రక్తస్రావం కూడా జరిగి ఉండొచ్చు. ఆవిడ చంపలేదు.

అయితే మళ్లీ ఎవరూ అలా చేయకూడదు కాబట్టి నిజం కూడా చెప్పాలి. పడి ఉన్న జంతువు నోట్లో నీళ్లు పోస్తే అవి గొంతు దిగకుండా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దప్పిక తీర్చామనుకుంటాం, దానికి ఊపిరి ఆడదు. తల ఒళ్లో పెట్టుకోవడం మనకు ప్రేమ, దుప్పికి మాత్రం పులి పట్టుకున్నట్టే. కుక్కకు, ఆవుకు మన చెయ్యి తగిలితే ధైర్యం వస్తుంది కదా అని దీనికీ వస్తుందనుకుంటాం, రాదు. అది కళ్లు పెద్దవి చేసి గట్టిగా ఊపిరి తీసింది అన్నారే, అది భయం.

ఈ భయం మాటను నేను ఊరికే అనడం లేదు. దుప్పి జాతిలో విపరీతమైన బెదురుకు కండరాలు లోపలే చిట్లిపోతాయి, ఒంటి వేడి పెరుగుతుంది, ఆ కండరాల నుంచి విడుదలైన పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. చిన్న గాయంతో దొరికి, కట్టు కట్టి, బాగానే ఉందనుకున్న దుప్పి ఇలా రెండు మూడు రోజుల తర్వాత కూడా చనిపోతుంది. నా దగ్గరే ఒకటి పోయింది. కాలికి మామూలు గాయం, కానీ ఊళ్లో వాళ్లు ప్రేమతో ట్రాక్టర్‌లో వేసుకుని, పిల్లలందరూ తాకి చూసి, ఫొటోలు దిగి, నాలుగు గంటల తర్వాత నా దగ్గరికి తెచ్చారు. ఆ రోజు గాయానికి నేను చేయగలిగింది చేశాను, బెదురుకు మాత్రం ఏమీ చేయలేకపోయాను.

కాబట్టి చేయాల్సింది చాలా తక్కువ. వెనక బండి వచ్చి గుద్దకుండా మీ కారుకు హజార్డ్ లైట్లు వేసి, మనుషులను కనీసం ముప్పై అడుగులు వెనక్కి పంపండి. ఫోన్ లైట్లు ఆర్పించండి, మాటలు ఆపించండి. నడిరోడ్డు మీద పడి ఉండి తప్పనిసరిగా కదపాల్సి వస్తేనే ముట్టుకోండి, అప్పుడు ముందు కళ్లు కప్పాలి. టవల్, చున్నీ ఏదైనా సరే, ముక్కు మాత్రం వదిలేయాలి. చూపు లేకపోతే సగం బెదురు తగ్గుతుంది. పక్కకు వాలి పడుకుని ఉంటే పొట్ట ఉబ్బి ఊపిరి ఆగుతుంది, ఇవి నెమరు వేసే జంతువులు కదా, అందుకని వీలైతే రొమ్ము మీద కూర్చున్నట్టు, తల పొట్ట కంటే ఎత్తులో ఉండేలా చూడాలి. కొమ్ములున్న మగదైతే అసలు దగ్గరకు పోవద్దు, కాళ్లతో కూడా బలంగా తంతుంది. కాళ్లు కట్టొద్దు, మందులు వేయొద్దు, మీ కారులో ఎక్కించుకోవద్దు.

పెన్సిల్వేనియా_తెలుగు

నేను అమెరికాలో ఉంటాను, ఇక్కడ ఇది రోజూ జరిగేదే, ముఖ్యంగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జింకలు జతకట్టే కాలంలో. నాకూ రెండేళ్ల క్రితం జరిగింది. పోలీసుకు ఫోన్ చేస్తే వచ్చి, బతికే అవకాశం లేదని చూసి, మమ్మల్ని కారులో కూర్చోమని చెప్పి తుపాకీతో కాల్చాడు. నాకు ఆ రోజు కాళ్లు వణికాయి, కానీ తర్వాత ఆలోచిస్తే దాని బాధ రెండు నిమిషాల్లో తీరింది. ఈ రాష్ట్రంలో కావాలనుకున్నవాళ్లు వేటశాఖకు 24 గంటల్లో తెలియజేసి, అనుమతి తీసుకుని ఆ మాంసం ఇంటికి కూడా తీసుకెళ్లొచ్చు. మన దగ్గర అది కుదరదని తెలుసు, ఆ మాట అనడం లేదు. నేను అడిగేది ఒకటే, బతకదని తెలిసిన జంతువును గంటసేపు అలా వదిలేయడం ఏం న్యాయం?

రిటైర్డ్_బీట్_ఆఫీసర్

పెన్సిల్వేనియా బాబూ, మీ బాధ న్యాయమైనదే. మన చట్టంలో దానికీ దారి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఇక కోలుకోదు అన్న స్థితిలో ఉన్న జంతువును చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, కొన్ని జంతువుల విషయంలో ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే బాధ లేకుండా చంపించొచ్చు. డాక్టర్ రావాలి, చూడాలి, ఉత్తర్వు రావాలి, ఆ లోపు అది తనంతట తనే పోతుంది. సర్వీసులో ఉండగా ఇలా నా ముందే పోయినవి ఎన్నో ఉన్నాయి, ఒక్కోదాని పక్కన డాక్టర్ కోసం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్య నుంచి పోయే రోడ్డు అది, మన్ననూరులో రాత్రి తొమ్మిది దాకా ఒక డాక్టర్, ఒక బండి ఉండాలని ఎప్పటి నుంచో నా కోరిక.

అమ్మా, మీ కేసు సంగతి. ప్రమాదంలో చనిపోయినా సరే అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి, 39వ సెక్షన్ అదే చెబుతుంది. అది ఎవరి చేతికి వచ్చినా 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ అధికారికి గానీ తెలపాలి. మీరు అక్కడే ఉండి కబురు పంపారు, వివరాలు ఇచ్చారు, ఇది మీకు బలం. కావాలని చేసిన వేటకూ ప్రమాదానికీ తేడా చూస్తారు, కానీ పులుల అభయారణ్యంలో అతివేగం అన్నది మీకు వ్యతిరేకంగా పోతుంది, విచారణలో వాంగ్మూలం తీసుకుంటారు, కేసు రాయొచ్చు కూడా. మీ వారు స్పీడు గురించి అడిగితే ఉన్నదే చెప్పమనండి. బంపర్ ఫొటోలు, దారిలో కబురు పంపిన కారు నంబరు గుర్తుంటే అది, రాసి పెట్టుకోండి. రిపేరుకు ఇచ్చే ముందు అటవీశాఖ ఆఫీసులో ఒక మాట అడగండి. ఇన్సూరెన్స్ ఫుల్ పాలసీ అయితే రిపేరు ఖర్చు దాని కిందికి వస్తుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు.

డిక్కీలో వేసుకోమన్న ఆ మనిషి మాట విని ఉంటే మాత్రం కథ వేరు. అప్పుడు ప్రమాదం కాస్తా నేరం అయిపోతుంది, బండి కూడా పోతుంది. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా. ఊరికే దొరికిన మాంసం కదా అనుకుని జైలుకు వెళ్లినవాళ్లను నేనే కోర్టుకు తీసుకెళ్లాను.

ఒక్క మాట అడుగుతాను. అది ఆడదా? పొదుగు పాలతో నిండి ఉందా? ఆడ దుప్పి చిన్న పిల్లను గడ్డిలో దాచి మేతకు వస్తుంది, పిల్ల తల్లి వచ్చేదాకా కదలదు. పోస్టుమార్టంలో చూసే ఉంటారు, అయినా సరిగ్గా ఏ చోటో చెప్పగలిగితే మంచిది. మీరు మాత్రం వెళ్లి వెతకొద్దు.

తిరుపతి_నుంచి

తిరుమల ఘాట్ రోడ్డులో కింద టోల్‌గేటు దగ్గర టైము నమోదు చేస్తారు, పైకి మరీ తొందరగా చేరితే జరిమానా వేస్తారు. మన్ననూరుకూ దోమలపెంటకూ మధ్య ఇదే పద్ధతి పెడితే సాయంత్రం పూట ఎవరూ డెబ్బైలో పోరు. రెండు చోట్లా చెక్‌పోస్టులు ఎలాగూ ఉన్నాయి. దీని మీద అర్జీ రాస్తే నేను సంతకం పెడతాను.

వనస్థలిపురం_గృహిణి

అందరికీ దండాలు. డాక్టర్ గారి మాటలు అత్తయ్యకు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అనలేదు. రెండోసారి విన్నాక "కళ్లకు కొంగు కప్పి ఉండాల్సింది" అన్నారు, తర్వాత కొంచెం అన్నం తిన్నారు.

బీట్ ఆఫీసర్ గారూ, అది ఆడదే, కొమ్ములు లేవు. పొదుగు మేము గమనించలేదు. మీ మాట చూడగానే నిన్న వచ్చిన స్టాఫ్ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాం. మా పాప కారులో నుంచి తీసిన ఒక ఫొటోలో కిలోమీటరు రాయి పడింది, అది పంపాం. ఇద్దరు చెంచు వాచర్లు మధ్యాహ్నం వెళ్లి రోడ్డుకు రెండు వైపులా పొదలు చూశారట, ఏమీ కనపడలేదట. దగ్గర్లోనే మంద మేస్తోంది, పిల్ల ఉంటే సాయంత్రం తల్లి కోసం అరుస్తుంది, అప్పుడు ఇంకోసారి వెళ్తామన్నారు. ఇప్పుడు ఆరు అవుతోంది. మా వారు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నారు.