టేబుల్ గడిలో చిరునామా అంతా ఒకే వరుసలో వస్తోంది

ప్రశ్న:
పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో చేసిన పేజీ అండి. టెక్స్ట్‌ఏరియాలో జనం ఇంటి నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడ్ అని నాలుగు వరుసల్లో రాస్తున్నారు. డేటాబేస్‌లో వరుసలు విడిగానే ఉన్నాయి. టేబుల్‌లో చూపేసరికి అన్నీ కలిసిపోతున్నాయి. వరుస మారిన ప్రతిచోటా బీఆర్ అనే వరుస విరిచే ట్యాగ్‌ను చేర్చే పీహెచ్‌పీ ఫంక్షన్ ఎన్ఎల్2బీఆర్ వాడితే గడిలో ఆ బీఆర్ ట్యాగే అక్షరాలుగా కనబడుతోంది. సేవ్ చేసేటప్పుడే బీఆర్ పెట్టేస్తే మంచిదా?

జవాబు 1:
వద్దండి. రేపు అదే చిరునామాను దిద్దడానికి తెరిస్తే టెక్స్ట్‌ఏరియాలోనూ బీఆర్‌లు కనబడతాయి, ఎక్సెల్‌కు తీసినా వెంటే వస్తాయి. రాసింది రాసినట్టే దాచండి, మార్పంతా చూపేటప్పుడే.

ట్యాగ్ అక్షరాలుగా రావడానికి కారణం, మీరు ఎన్ఎల్2బీఆర్ ముందు నడిపి, ట్యాగ్ గుర్తులను మామూలు అక్షరాలుగా చూపించే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్‌ను తర్వాత నడపడం. రెండోది కొత్తగా చేరిన బీఆర్‌ను కూడా మార్చేస్తోంది. క్రమం తిరగేయండి. అంతేగానీ హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ తీసేయకండి, ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ రాస్తే అది చూసేవాళ్ల బ్రౌజర్‌లో నడుస్తుంది.

జవాబు 2:
నన్నడిగితే బీఆర్ అవసరమే లేదు. స్పేస్‌లు, ట్యాబ్‌లు, న్యూలైన్‌లు (వరుస మార్పు గుర్తులు) వరసగా ఎన్నున్నా బ్రౌజర్ ఒక్క ఖాళీగానే చూపుతుంది. ఆ గడికి సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) వైట్-స్పేస్ విలువ ప్రీ-లైన్ ఇవ్వండి, వరుసలు నిలుస్తాయి. పద్యంలా ముందున్న స్పేస్‌లు కూడా నిలవాలంటే ప్రీ-వ్రాప్. ఉత్త ప్రీ ఇస్తే పొడవైన వరుస మడత పడక టేబుల్ పక్కకు సాగుతుంది.

ఎన్ఎల్2బీఆర్‌ను మాత్రం తీసేయాలి. అది న్యూలైన్‌ను తొలగించదు, దాని ముందు బీఆర్ చేరుస్తుంది, కాబట్టి ప్రీ-లైన్‌తో పాటు అదీ ఉంటే ప్రతి వరుసకూ మధ్య ఒక ఖాళీ వరుస వస్తుంది. గడిని మొదలుపెట్టే టీడీ ట్యాగ్ తెరిచి, విలువను పేజీలో రాసే ఎకోను కింది వరుసలో పెట్టినా గడి పైభాగంలో ఖాళీ వరుస పడుతుంది. ట్యాగ్‌కు ఆనించి రాయండి.

ప్రశ్న అడిగినవారు:
ప్రీ-లైన్ పనిచేసిందండి, థాంక్స్. కొన్ని పాత రికార్డుల్లో మాత్రం బ్యాక్‌స్లాష్ ఆర్, బ్యాక్‌స్లాష్ ఎన్ అని అక్షరాలే కనబడుతున్నాయి. మ్యాప్ లింకు అతికించిన చోట టేబుల్ స్క్రీన్ దాటిపోతోంది.

జవాబు 2:
ఆ రికార్డులు సేవ్ చేసినప్పుడు ప్రత్యేక గుర్తుల ముందు బ్యాక్‌స్లాష్ చేర్చే రియల్ ఎస్కేప్ స్ట్రింగ్, విలువలను క్వెరీకి విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ రెండూ వాడి ఉంటారు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ఉంటే మొదటిది ఉండకూడదు, అందుకే న్యూలైన్ బదులు ఆ అక్షరాలే లోపలికి వెళ్లాయి. బ్యాకప్ తీసుకుని మైఎస్‌క్యూఎల్ రీప్లేస్ ఫంక్షన్‌తో సరిచేయండి. వెతికే మాటలో ప్రతి బ్యాక్‌స్లాష్‌ను రెండుసార్లు రాయాలి, లేకపోతే మైఎస్‌క్యూఎల్ అసలైన న్యూలైన్ కోసం వెతుకుతుంది. డేటాను మార్చే అప్‌డేట్ నడిపేముందు, ఊరికే చూపే సెలెక్ట్‌లో ఫలితం చూసుకోండి.

జవాబు 1:
లింకుకు సీఎస్ఎస్‌లో ఓవర్‌ఫ్లో-వ్రాప్ (పొడవైన మాటను విరిచే లక్షణం) విలువ ఎనీవేర్ ఇవ్వండి. దానికే బ్రేక్-వర్డ్ ఇస్తే ఇక్కడ కుదరదు, కాలమ్ కనీస వెడల్పు లెక్కకట్టేటప్పుడు బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు. వర్డ్-బ్రేక్‌కు బ్రేక్-ఆల్ అసలే వద్దు, తెలుగు మాటలు కూడా నడిమికి విరిగి చదవలేకుండా అవుతాయి. లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.6 దాకా పెంచితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగలవు.