వారాంతం రైడ్‌కి కష్టమైన ఎక్కుళ్లు వెతకాలంటే: అంకెలు నమ్మాలా, వెళ్లి ఎక్కి చూడాలా?

గేరుమార్చు:
మా గుంపులో పదిమందిమి ఉంటాం, వారానికో రైడ్. ఇన్నాళ్లూ చదును రోడ్ల మీదే తిరిగాం. ఇప్పుడు అందరూ కొంచెం కష్టమైన కొండ దారులు కావాలంటున్నారు. ఇంటి నుంచి సైకిల్ మీదే వెళ్లి రాగలిగేంత దూరంలో ఉండాలి, అంటే పోను 30, 40 కిలోమీటర్లు మించకూడదు. వెతికే పని నా మీద పడింది. రైడ్‌లు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో స్కోరు ఎక్కువున్న సెగ్మెంట్లు (అందులో గుర్తించి పెట్టిన రోడ్డు ముక్కలు) తీసుకోమని ఒకరు చెప్పారు. మ్యాప్‌లో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపేవి) దగ్గరదగ్గరగా ఉన్న చోటు చూసుకుని స్వయంగా వెళ్లి ఎక్కి రమ్మని ఇంకొకరు. మీరెలా వెతుకుతారు?

ఎత్తులెక్క:
ఇందులో వాదనకి ఏముంది, అంకెలే. స్ట్రావా లెక్క చాలా సులువు. ఎక్కుడు పొడవు మీటర్లలో తీసుకుని సగటు గ్రేడియంట్ (వాలు) శాతంతో గుణించండి. 8,000 దాటితే కేటగిరీ 4, 16,000 దాటితే 3, 32,000 దాటితే 2, 64,000 దాటితే 1, 80,000 పైన ఉంటే అన్నిటికన్నా పెద్దది. సగటు కనీసం 3 శాతం ఉండాలి. ఫ్రాన్స్‌లోని పేరున్న ఎక్కుడు ఆల్ప్ డ్యుయెజ్ 13.8 కిలోమీటర్లు, సగటు 8.1 శాతం, గుణిస్తే లక్ష దాటుతుంది. మీ చుట్టుపక్కల అంతది దొరకదు కానీ కేటగిరీ 4, 3 దొరుకుతాయి. సెగ్మెంట్ల మ్యాప్ తెరిచి ఎక్కుళ్లు మాత్రమే కనిపించేలా పెట్టుకోండి, హీట్‌మ్యాప్‌లో జనం నిజంగా తొక్కే రోడ్లేవో చూసుకోండి, రూట్ గీసి ప్రొఫైల్ (దారి పొడవునా ఎత్తు ఎలా మారుతుందో చూపే గీత) చూడండి. గంటలో పని అయిపోతుంది. 40 కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్లి అక్కడ చిన్న మిట్ట ఉందని తెలుసుకుని రావడం ఎందుకు?

పాతచైను:
సగటు నమ్మి వెళ్లినవాడి మోకాళ్లని అడగండి. ఒక కిలోమీటరు చదునుగా ఉండి ఇంకో కిలోమీటరు 10 శాతం ఉన్నా సగటు 5 శాతమే, రెండు కిలోమీటర్లూ ఒకే తీరుగా 5 శాతం ఉన్నా సగటు 5 శాతమే. మీ స్కోరు రెండింటికీ 10,000. కాళ్లకి మాత్రం రెండూ ఒకటి కాదు. పోయినేడాది నన్ను "6 శాతమే, ఏం కాదు" అని తీసుకెళ్లారు. మధ్యలో దిగుడు కూడా వచ్చింది, ఆ దిగుడంతా సగటులో కలిసిపోయింది, చివర ఒక ముక్క గోడలా నిలబడి ఉంది. ఆ తర్వాత మూడు వారాలు సైకిల్ ముట్టలేదు నేను.

నిదానం:
సగటు వదిలేసి గరిష్ఠ గ్రేడియంట్ చూస్తే సరి.

ఎత్తులెక్క:
గరిష్ఠం ఇంకా మోసం, నిదానం గారూ. చాలా మ్యాపుల్లోని ఎత్తులు 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచినవి, సుమారు 30 మీటర్లకో చుక్క చొప్పున. కొండ అంచున సన్నటి రోడ్డు ఉంటే ఆ చుక్క రోడ్డు మీద కాక పక్కనున్న గట్టు మీద పడుతుంది, అక్కడ 35 శాతం అని చూపిస్తుంది. లోయ మీద వంతెన ఉంటే లోయలోకి దిగి మళ్లీ ఎక్కినట్టు గీస్తుంది. సైకిల్ కంప్యూటర్‌లో గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కొలిచే సెన్సర్ ఉంటే నయం, అయినా వాతావరణం మారితే అదీ తప్పు చూపిస్తుంది. అందుకే ఒక్క చుక్కని నమ్మొద్దు, 500 మీటర్ల ముక్కలుగా విడగొట్టి చూడాలి.

పాతచైను:
మీ అంకెల్లో తప్పులున్నాయని మీరే ఒప్పుకున్నారు. ఇంక మాట్లాడటానికి ఏముంది?

ఎత్తులెక్క:
నేను అన్నది అది కాదు. ఎలా చదవాలో తెలిస్తే తప్పెక్కడుందో కూడా తెలుస్తుందన్నాను. ఫ్రాన్స్‌లోని మోంట్ వెంటూ కొండ బెడ్వాన్ ఊరి వైపు నుంచి సగటు ఏడున్నర శాతం. మొదటి ఐదారు కిలోమీటర్లు తేలిగ్గా పోతుంది, అడవిలోకి వెళ్లాక 9 శాతం దగ్గర కిలోమీటర్ల కొద్దీ వదలదు. ప్రొఫైల్ చూసినవాడికి ఇది ముందే తెలుసు. చూడనివాడు సగటుని తిడతాడు.

పాతచైను:
చూడనివాడు అంటే నేనేనా?

వాలుకాలు:
గేరుమార్చు గారూ, కొండ వెతికే ముందు మీ వాళ్ల గేర్లు అడగండి. ముందు 34 పళ్లు, వెనక పెద్దది 28 అయితే నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పాలంటే గంటకి 9 కిలోమీటర్ల పైన పోవాల్సిందే. 10 శాతం మీద మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలైతే కేవలం ఎత్తుకి ఎక్కడానికే దాదాపు 210 వాట్లు కావాలి, రోడ్డు రాపిడి అదనం. అదే వెనక 34 పళ్లున్న క్యాసెట్ (వెనక చక్రం గేర్ల సెట్) వేస్తే ఏడున్నర వేగంలో 175తో గట్టెక్కొచ్చు. ఒకే కొండ ఒకరికి వ్యాయామం, ఇంకొకరికి మోకాలి నొప్పి అయ్యేది ఇక్కడే.

నిదానం:
ఒక చిట్కా. కొండ మీద సెల్ టవరో నీళ్ల ట్యాంకో కనిపిస్తే దానికి చాలావరకు సర్వీసు రోడ్డు ఉంటుంది. అవి నిటారుగా ఉంటాయి, బళ్లు తక్కువ. సెగ్మెంట్లలో చాలాసార్లు ఉండవు. గేటు ఉందేమో, వెళ్లనిస్తారో లేదో మాత్రం కనుక్కోండి.

రెండుబ్రేకులు:
అందరూ ఎక్కడం గురించే రాస్తున్నారు. అదే దారిలో దిగాలి కదా. రిమ్ బ్రేకులతో (చక్రం అంచుని పట్టుకునేవి) నిటారు దిగుడులో బ్రేకు వదలకుండా పట్టుకుంటే రిమ్ కాలిపోతుంది, ట్యూబ్ పేలొచ్చు. రోడ్డు మీద కంకర ఉందో లేదో ఏ స్కోరూ చెప్పదు.

పాతచైను:
అదీ నేను చెప్పేది! వెళ్లి చూడాలి.

ఎత్తులెక్క:
ప్రతిదానికీ వెళ్లి చూడాలి, వెళ్లి చూడాలి. పది కొండలుంటే పది వారాలు చూస్తూనే ఉంటారా? నిజం చెప్పాలంటే మీకు కష్టమైన ఎక్కుడు అక్కర్లేదు, కాళ్లు ఓడిపోయిన కోపం అంకెల మీద చూపిస్తున్నారు.

పాతచైను:
సరే, అడిగారు కాబట్టి చెప్తాను. ఆ రోజు నేను ఓడిపోయినందుకు కాదు కోపం. ఆ గోడ దగ్గర దిగి నడిచాను, నడిచినందుకు సిగ్గేం లేదు. పైకి వెళ్లేసరికి మిగతావాళ్లు అరగంట నుంచి కూర్చుని ఉన్నారు, నేను హెల్మెట్ తీసేలోపే "పదండి పదండి" అని లేచారు. ముందు వచ్చినవాళ్లకి అరగంట విశ్రాంతి, ఆఖరున వచ్చినవాడికి నిమిషం కూడా లేదు. దిగుడులో ఎవరూ వెనక్కి చూడలేదు. నా వెనక టైరు పంక్చర్ అయింది, ఫోన్‌కి సిగ్నల్ లేదు, పంపు నా స్నేహితుడి సంచిలో ఉంది, ఆయన ముందు వెళ్లిపోయాడు. రెండు గంటలు సైకిల్ తోసుకుంటూ నడిచాను. ఆ దారి ఎంచుకున్నాయన కూడా మీలాగే స్కోరు చూసే ఎంచుకున్నాడు. ఎవరెవరు వస్తున్నారో చూసి ఎంచుకోలేదు. మీ 16,000, 32,000 లెక్కల్లో ఆఖరివాడు ఎక్కడా లేడండీ.

వాలుకాలు:
ఇది చాలా తప్పు. ఆఖరివాడితో ఒకరు ఉండాలి, ఏ గుంపుకైనా.

ఎత్తులెక్క:
అలా వదిలేసి వెళ్లడం తప్పే. కాళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను, మీకు అది జరిగిందని నాకు తెలియదు. కానీ రెండో వైపు కూడా వినండి. నాలుగేళ్లుగా నేను మా గుంపులో ప్రతి కొండ పైనా చెమట ఆరి వణుకుతూ ముప్పై, నలభై నిమిషాలు ఆగుతున్నాను. ఆగను అని ఒక్కసారి కూడా అనలేదు. నేను చెప్పిన ఏ పొడవాటి ఎక్కుడైనా "అందరికీ కుదరదు" అని కొట్టేస్తారు. గంటసేపు ఆగకుండా ఎక్కడం అంటే ఏమిటో నాకు తెలుసుకోవాలని ఉంది. ఒంటరిగా వెళ్లాలంటే భయం, నాకూ పంక్చర్ అవుతుంది, నాకూ సిగ్నల్ ఉండదు. అందుకే గుంపు కావాలి. ఆ స్కోర్లు పట్టుకుని ఇంత వాదించేది అందుకే. అంకె చూపిస్తే తప్ప నా మాట ఎవరూ వినరు.

గేరుమార్చు:
మీ ఇద్దరిదీ చదివాక నేను అడగాల్సిన ప్రశ్న వేరే అనిపిస్తోంది. మా పదిమందిలో ఇద్దరు మీలాంటివాళ్లు, ఎత్తులెక్క గారూ. నలుగురికి ఇదే మొదటి కొండ. మూడు కిలోమీటర్ల ఎక్కుడు ఒకటి తీసుకుని, కింద ఒకచోట సామాను పెట్టుకుని, గంటన్నరలో ఎవరికి వీలైనన్ని సార్లు వాళ్లు ఎక్కి దిగితే ఎలా ఉంటుంది? గంటకి 15లో పోయేవాళ్లకి ఐదు సార్లు అవుతుంది, 9లో పోయేవాళ్లకి మూడు సార్లు. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు, దారిలో ఎదురుపడుతూనే ఉంటారు కాబట్టి ఎవరికి ఏమైనా తెలుస్తుంది.

ఎత్తులెక్క:
ఐదు సార్లు మూడు కిలోమీటర్లు ఎక్కడం, ఒకేసారి పదిహేను ఎక్కడం ఒకటి కాదు. ప్రతిసారీ దిగుడులో కాళ్లు చల్లబడతాయి. అయినా మొదటి రైడ్‌కి ఒప్పుకుంటాను, నెలకోసారి పొడవాటిది కూడా పెట్టండి.

నిదానం:
ఎవరెస్టింగ్ చేసేవాళ్లు ఎవరెస్ట్ ఎత్తు, అంటే 8,848 మీటర్లు అయ్యేదాకా ఒకే కొండ ఎక్కి దిగుతారు. అదేం తక్కువ కష్టం కాదు.

పాతచైను:
మళ్లీ మళ్లీ ఎక్కే పద్ధతికి నేను సరే. కొండ ఏదో చెప్పేటప్పుడు మాత్రం సగటు చెప్పొద్దు.

గేరుమార్చు:
టవర్ దారి ఒకటి దొరికింది, మూడు కిలోమీటర్లు. 500 మీటర్ల ముక్కలుగా చూస్తే వరసగా 4, 3, 8, 11, 5, 5 శాతం. మ్యాప్‌లో గేటు కనబడలేదు.

ఎత్తులెక్క:
సగటు 6, స్కోరు 18,000, కేటగిరీ 3. ఆ 11 నిజమేనా, పక్క గట్టు ఎత్తు కలిసిందా అని అనుమానంగా ఉంది. అక్కడ మలుపు ఉంది చూడండి.

పాతచైను:
ఆ మలుపు దగ్గర పక్కకి ఆగడానికి చోటుందా?

ఎత్తులెక్క:
మ్యాప్‌లో తెలియట్లేదు.

పాతచైను:
గేరుమార్చు గారూ, చూడటానికి వెళ్లేది ఎప్పుడో చెప్పండి, నేనూ వస్తా. పంపు నాదే తెచ్చుకుంటాను.