కట్టెల స్టవ్వుకు ఒంటిపొర గొట్టం చాలునా, రెండుపొరలది కావాలా?

తొలిచలి:
స్టవ్వు నుండి పైకప్పు దాకా ఎనిమిది అడుగుల గొట్టం నిలువుగా వేయవలసి ఉంది. వెనుక గోడ చెక్కది. రెండుపొరల గొట్టానికి ఖర్చు ఎక్కువ. ఒంటిపొరదైతే దాని వేడి కూడా గదికి దక్కుతుందంటున్నారు. ఏది సబబు?

నిప్పుకణిక:
ఒంటిపొరదే వేయండి. చెట్టు కొట్టి, చీల్చి, ఏడాది పాటు ఎండబెట్టి సంపాదించుకున్న వేడిని గదికి అందకుండా ఆకాశానికి పంపడం నాకు మనస్కరించదు. పైగా ఒంటిపొర గొట్టంలో తుప్పు పట్టినా, రేకు పలచబడినా కంటికి కనిపిస్తుంది. అయస్కాంతంతో అతికే థర్మామీటరు పెడితే పొగ ఎంత వేడిగా పోతోందో ఇంచుమించుగా తెలుస్తుంది.

పొగదారి:
కనిపించడం గురించి నిప్పుకణిక గారు చెప్పినది నిజమే. కానీ తొలిచలి గారి గోడ చెక్కది. ఒంటిపొర గొట్టానికీ మండే వస్తువుకూ మధ్య 18 అంగుళాల ఎడం ఉండాలని అమెరికాలోని అగ్నిభద్రతా సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 211 ప్రమాణం చెబుతుంది. పరీక్షలు నెగ్గిన రెండుపొరల గొట్టాలకు తయారీదారులు సాధారణంగా 6 అంగుళాలు చాలంటారు. ఆ అడుగు తేడా వల్ల స్టవ్వు గది మధ్యకు జరగవలసి వస్తుంది.

ఇక వేడి సంగతి. పొగలో మిగిలిన వేడి వృథా కాదు, పొగను పైకి లాగేది అదే. గొట్టం పొడవునా ఆ వేడిని గది లాక్కుంటే పొగ బరువెక్కి మందగిస్తుంది. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడిన చోట అందులోని ఆవిరులు క్రియోసోట్‌గా, అంటే తారులాంటి మండే పదార్థంగా పేరుకుంటాయి, తరువాత గొట్టంలో నిప్పంటుకునేది దానికే. నేనూ మొదట ఒంటిపొరదే వేశాను. రెండవ చలికాలం నడుమ విప్పి చూస్తే, స్టవ్వుకు దగ్గరి ముక్కలో వేలితో తుడిస్తే పోయే పొడి మసి ఉంది. పైకప్పు కింది అతుకులో మాత్రం గాజులా మెరిసే నల్లటి పెచ్చు, గోరుతో గీకినా రాలలేదు.

నిప్పుకణిక:
ఆ పెచ్చు గొట్టం తప్పు కాదు, పచ్చి కట్టెల తప్పు కావచ్చు. మంట రాత్రంతా నిలవాలని స్టవ్వులోకి గాలి వెళ్లే కంతను బాగా మూసేసినా అంతే. రెండుపొరల గొట్టంపై అయస్కాంతపు థర్మామీటరు పెడితే పైరేకు వేడినే చూపి మోసగిస్తుందని కూడా చెప్పాలి కదా.

పొగదారి:
రెండూ ఒప్పుకుంటాను. రాత్రుళ్లు కంత మూసిన మాట నిజం, ఎవరైనా మూస్తారు. అందుకే అంత పొరపాటును తట్టుకునే గొట్టం కావాలంటున్నాను. థర్మామీటరు విషయంలో, రెండు రేకులకూ చిన్న రంధ్రం చేసి లోపలి పొగను తాకే పుల్లది పెట్టాలి. నేటి స్టవ్వులు వేడిని ముందే చాలా వరకు పిండుకొని చల్లని పొగను వదులుతాయి కనుక, ఎనిమిది అడుగులకు నేను ఒంటిపొరది వేయను. గొట్టం మూడు నాలుగు అడుగులే ఉండి, గోడ దూరంగా ఉంటే మాత్రం నిప్పుకణిక గారి మాటే నా మాట.

తొలిచలి:
అయితే రెండుపొరలదే తీసుకుంటాను. దానినే కప్పు గుండా పైకి పోనివ్వవచ్చునా?

పొగదారి:
వద్దు. కప్పు దగ్గర ఆపి, అక్కడి నుండి కట్టెల పొగకు తగిన ఇన్సులేషన్ ఉన్న చిమ్నీ వేయాలి. గ్యాస్ హీటర్లకు వాడే రెండుపొరల గొట్టం చూడటానికి ఇలాగే ఉంటుంది, కానీ కట్టెల పొగ వేడికి అది తగదు. కొనేటప్పుడు దానిపై ముద్ర చదవండి. ప్రతి ముక్కకూ సన్నగా నొక్కిన కొనను కిందికి, అంటే స్టవ్వు వైపుకు, ఉంచండి. లోపల కారిన తారు అతుకుల నుండి బయటికి రాకుండా తిరిగి మంటలోనే పడుతుంది.